నోటరీ కావాలంటే – 3వ పాఠం: దరఖాస్తు నుంచి రిజిస్టర్ దాకా

పోయిన పాఠంలో నోటరీల చట్టం, 1952 గురించి, 8వ సెక్షన్ కింద నోటరీ చేయగల పనుల గురించి చెప్పుకున్నాం. అది చదివి దేవరకొండ, అచ్చంపేట వైపు జూనియర్ వకీళ్లు ఒకటే అడిగారు: "సార్, మేం ఎప్పుడు అప్లై చేసుకోవచ్చు?" ముందు ఆ సంగతి చూద్దాం.

నోటరీల నిబంధనలు, 1956లో 3వ రూల్ తీయండి. వకీలుగా కనీసం 10 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకూ మహిళలకూ 7 ఏళ్లు చాలు. అందరికీ పదేళ్లేననుకుని మూడేళ్లు ఊరికే ఆగిపోయిన ఒక మహిళా వకీలు నాకు తెలుసు. చాలా బాధేసింది. మీ సనద్ (వకీలుగా నమోదైనట్టు ఇచ్చిన సర్టిఫికెట్) మీద తేదీ ఇవాళే చూసుకోండి.

దరఖాస్తును మెమోరియల్ అంటారు. ప్రాక్టీసులో ఉన్న వకీళ్లకు ఫారం 1. దాన్ని జిల్లా జడ్జి ద్వారా గానీ, మీరు పనిచేసే కోర్టు ప్రిసైడింగ్ అధికారి ద్వారా గానీ పంపాలి. మీ సంతకం ఒక్కటే సరిపోదు. ఒక మేజిస్ట్రేటు, ఒక జాతీయ బ్యాంకు మేనేజరు, ఒక వ్యాపారి, ఆ ప్రాంతంలో పేరున్న ఇద్దరు కూడా సంతకం చేయాలి. ఈ సంతకాల కోసం ఒక్క సాయంత్రంలో ఊరంతా తిరగకండి. మిర్యాలగూడలో ఉంటే మిమ్మల్ని ఏళ్లుగా ఎరిగిన రైస్ మిల్లు యజమానినే అడగండి. మీరు ఎలాంటివారో రేపు ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పగలిగిన మనిషి కావాలి.

నియామకం అయ్యాక ఫీజు కడితే ప్రాక్టీసు సర్టిఫికెట్ వస్తుంది. దాని గడువు 5 ఏళ్లు, తర్వాత రెన్యువల్. ముద్ర గుండ్రంగా, 5 సెంటీమీటర్ల వ్యాసంతో ఉండాలి. మీ పేరు, మీకిచ్చిన ప్రాంతం, నోటరీ అనే మాట, నియమించిన ప్రభుత్వం పేరు అందులో రావాలి. ఇక్కడిదాకా కాగితాల పని, ఓపికుంటే అయిపోతుంది.

అసలు నేర్చుకోవాల్సింది రిజిస్టర్ రాయడం. తేదీ, చేసిన పని, వచ్చిన మనిషి పేరు, పూర్తి చిరునామా, కాగితంలో ఉన్న విషయం, అంటించిన నోటరీ స్టాంపు, తీసుకున్న ఫీజు, ఆ మనిషి సంతకం, మీ సంతకం. ఆ మనిషి సంతకం చేయాల్సిన గడిని బాగా గుర్తుపెట్టుకోండి. మనిషి మీ ఎదుట లేకుంటే అది ఖాళీగానే ఉండాలి.

నేను కొత్తగా ముద్ర పట్టిన రోజుల్లో ఒక ముసలాయన అఫిడవిట్ (ప్రమాణ పత్రం) తెచ్చాడు. "మా పోరడు బొంబాయిల ఉన్నడు సారూ, గీ సంతకం వాడు పెట్టిందే, జర ముద్దర గుద్దుండ్రి" అన్నాడు. పాలమూరు పల్లెల్లో ఇంటికొకరు వలసపోయిన రోజులు. ఆయన అబద్ధమాడుతున్నాడని నాకు అనిపించలేదు. అయినా వేయలేదు. అక్కడే నోటరీ దగ్గర ప్రమాణం చేసి పోస్టులో పంపమని కొడుకుకు ఫోన్ చేయించాను. ఆయన కోపంగా వెళ్లిపోయాడు. పది రోజులకు ఆ కాగితం పట్టుకుని మళ్లీ వచ్చి, "గిట్లనా సారూ?" అని చూపించాడు.

సంతకం రాని వాళ్లొస్తే ఇంకా నిదానంగా ఉండండి. కాగితంలో ఏముందో తెలుగులో, వాళ్లు మాట్లాడే మాటల్లో చదివి వినిపించండి. వినిపించానని కాగితం మీద రాశాకే వేలిముద్ర తీసుకోండి. ఇంగ్లీషులో టైపు చేసిన అఫిడవిట్ మీద ఏమీ తెలియకుండా వేలు ముద్రించిన ఆడవాళ్లను ఎంతమందిని చూశానో. ఆ తొందర టైపిస్టుదైనా బాధ్యత మీదే.

ప్లాటు కొన్నామంటూ స్టాంపు పేపరు తెచ్చేవాళ్లు రోజూ వస్తారు. 100 రూపాయలు, అంతకు మించి విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పదని ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 54వ సెక్షన్ చెబుతుంది. మీ ముద్రతో హక్కు రాదు. ఆ మాట డబ్బు చేతులు మారకముందే వాళ్లకు చెప్పండి. పెళ్లి, విడాకుల కాగితాలు రాసి ముద్ర వేసే అధికారం నోటరీకి లేదని కేంద్ర న్యాయ శాఖ 2024లో స్పష్టంగా చెప్పింది. అలాంటివి వస్తే ముట్టుకోకండి.

ఈ వారం అభ్యాసం: ఒక నోటుబుక్కులో రిజిస్టర్ గడులు గీయండి. చదువు మధ్యలో ఆగి, రెండేళ్ల తర్వాత డిగ్రీలో చేరుతున్న నల్లగొండ కుర్రాడు గ్యాప్ అఫిడవిట్ కోసం వచ్చాడనుకుని ఒక వరుస నింపండి. అతని గుర్తింపు కార్డు ఎలా సరిచూశారో పక్కనే రాయండి. వచ్చే పాఠం సొమ్ము చెల్లించని ప్రామిసరీ నోటు మీద నోటింగ్ (చెల్లించలేదని నోటరీ రాసిపెట్టడం), ప్రొటెస్టు (దానికి సర్టిఫికెట్ ఇవ్వడం) గురించి. దానికి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881లో 99, 100 సెక్షన్లు ముందే చదివి ఉంచుకోండి.