బటన్ నొక్కినా అవతలి లైటు వెలగడం లేదా? వైర్‌లెస్ సిగ్నల్ లైటు: సమస్య - పరిష్కారం

ఒక గదిలో ఒకరు బటన్ నొక్కితే ఇంకో గదిలో ఉన్నవాళ్ల దగ్గర లైటు వెలగాలి. పని అంతే. ప్రోగ్రామింగ్ జోలికి పోకుండా దీన్ని కట్టుకోవడానికి 433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్, రిసీవర్ మాడ్యూళ్లు, హెచ్‌టీ12ఈ ఎన్‌కోడర్ చిప్, హెచ్‌టీ12డీ డీకోడర్ చిప్ చాలు. బటన్ నొక్కగానే ఎన్‌కోడర్ ఒక కోడ్ పంపుతుంది, ట్రాన్స్‌మిటర్ దాన్ని గాలిలోకి వదులుతుంది, రిసీవర్ అందుకుంటుంది, కోడ్ తనదేనని తేల్చుకున్నాక డీకోడర్ లైటు వెలిగిస్తుంది. వీటిలో ఎక్కడ తేడా వచ్చినా మనకు కనిపించేది మాత్రం ఒక్కటే, వెలగని లైటు. అందుకే తోచిన చోటల్లా కెలక్కుండా ఒక వరసలో వెతకాలి.

అసలు ఏమీ వెలగడం లేదు

ముందు రేడియోను పక్కన పెట్టండి. లైటు వెలగకపోతే చాలామంది వెంటనే యాంటెన్నా మారుస్తారు, కొత్త మాడ్యూల్ తెప్పిస్తారు. తప్పు మాత్రం ఎక్కువసార్లు చిప్‌ల దగ్గరే ఉంటుంది. రెండు మాడ్యూళ్ల డేటా తీగలూ ఊడదీసి, ఎన్‌కోడర్ 17వ పిన్ నుంచి డీకోడర్ 14వ పిన్‌కు నేరుగా ఒక తీగ వేయండి. రెండు వైపుల గ్రౌండ్‌లనూ (అంటే బ్యాటరీ మైనస్ తీగలను) కలపండి, ఇది మరిచిపోతే పరీక్షే చెల్లదు. ఇప్పుడు బటన్ నొక్కి చూడండి. ఈ వెతుకులాటలో నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది ఈ ఒక్క తీగనే, సగం అనుమానాలు దీంతోనే పోతాయి.

లైటు వెలిగితే చిప్‌లు బాగున్నట్టే, తర్వాతి భాగానికి వెళ్లండి. వెలగకపోతే మల్టీమీటర్‌తో 9, 18 పిన్‌ల మధ్య వోల్టేజి చూడండి. రెండు చిప్‌లకూ దాదాపు 5 వోల్టులు అందాలి. బ్రెడ్‌బోర్డ్ (సోల్డర్ లేకుండా తీగలు గుచ్చి సర్క్యూట్ కట్టే బోర్డు) పవర్ లైను మీద కాకుండా చిప్ కాలి మీదే కొలవండి. కొన్ని బోర్డుల్లో ఆ లైను మధ్యలో తెగి ఉంటుంది, ఒక సగానికి కరెంటు వస్తే రెండో సగానికి రాదు.

వోల్టేజి సరిగా ఉంటే రెసిస్టర్లు చూడండి. ఎన్‌కోడర్ 15, 16 పిన్‌ల మధ్య 1 మెగా ఓమ్ (గోధుమ, నలుపు, ఆకుపచ్చ), డీకోడర్‌లో అవే పిన్‌ల మధ్య 51 కిలో ఓమ్ (ఆకుపచ్చ, గోధుమ, నారింజ) ఉండాలి. చిప్ ఎంత వేగంతో నడవాలో నిర్ణయించేది ఈ రెసిస్టరే. డీకోడర్ వేగం ఎన్‌కోడర్‌కు సుమారు 50 రెట్లు ఉండాలి. రెండూ తారుమారైతే కోడ్ వచ్చినా డీకోడర్‌కు అర్థం కాదు.

ఆ తర్వాత అడ్రస్, అంటే వచ్చిన కోడ్ తనదేనని డీకోడర్ గుర్తుపట్టే గుర్తు. 1 నుంచి 8 వరకు ఉన్న పిన్‌లు రెండు చిప్‌లలోనూ అచ్చం ఒకేలా ఉండాలి. పరీక్ష కోసం అన్నిటినీ గ్రౌండ్‌కు కలిపేయండి. డీకోడర్ వచ్చిన కోడ్‌ను వరసగా మూడుసార్లు సరిచూసుకున్నాకే ఒప్పుకుంటుంది, ఒక్క పిన్ తేడా ఉన్నా పట్టించుకోదు. చివరగా బటన్: ఎన్‌కోడర్ 14వ పిన్ గ్రౌండ్‌కు తగిలితేనే కోడ్ బయలుదేరుతుంది. అదే నంబరు పిన్ డీకోడర్‌లో డేటా లోపలికి వచ్చే దారి. ఇక్కడ పొరబడటం చాలా తేలిక.

తీగతో వెలుగుతోంది, రేడియోతో వెలగడం లేదు

తీగ తీసేసి మాడ్యూళ్లను మళ్లీ కలపండి. ట్రాన్స్‌మిటర్ మీదున్న గుండ్రటి లోహపు డబ్బా మీద ఏ నంబరు ఉందో చదవండి. 315 అని ఉంటే అది వేరే ఫ్రీక్వెన్సీ, 433 రిసీవర్‌తో కుదరదు. రిసీవర్‌కు దాదాపు 5 వోల్టులు ఇవ్వండి. కొత్త పెన్సిల్ సెల్స్ నాలుగు కలిపితే 6 వోల్టులు దాటిపోతుంది, అదే రీఛార్జబుల్ సెల్స్ అయితే 4.8 దగ్గర ఉంటుంది. రెండు మాడ్యూళ్లనూ పక్కపక్కనే పెట్టి పరీక్షించకండి. మరీ దగ్గరగా ఉంటే సిగ్నల్ ఎక్కువై రిసీవర్ తికమకపడుతుంది. ఒకటి రెండు మీటర్ల దూరంలో పెట్టి చూడండి.

బల్ల మీద పనిచేస్తోంది, పక్క గదికి వెళ్తే ఆగిపోతోంది

కారణం దాదాపు ఎప్పుడూ యాంటెన్నానే. ఈ మాడ్యూళ్లు చాలావరకు యాంటెన్నా లేకుండానే వస్తాయి. 433 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 69 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 17.3 సెంటీమీటర్లు. అంత పొడవు సింగిల్ కోర్ తీగను రెండు వైపులా ఏఎన్‌టీ అని రాసిన చోట సోల్డర్ చేయండి. తీగ నిటారుగా ఉండాలి. పెట్టెలో పట్టడం లేదని చుట్టలు చుట్టినా, బ్యాటరీకి ఆనించినా, ఇనప బీరువా పక్కన పెట్టినా దూరం పడిపోతుంది.

లైటు మసకగా వెలుగుతోంది

డీకోడర్ పిన్ ఇవ్వగలిగేది ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లే. మధ్యలో బీసీ547 ట్రాన్సిస్టర్ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే మూడు కాళ్ల భాగం) పెట్టండి: 17వ పిన్ నుంచి 10 కిలో ఓమ్ ద్వారా బేస్‌కు, ఎమిటర్ గ్రౌండ్‌కు, 5 వోల్టుల నుంచి 330 ఓమ్, ఎల్‌ఈడీ మీదుగా కలెక్టర్‌కు.

ఎవరూ నొక్కకుండానే మిణుకుమంటోంది

ఎల్‌ఈడీని రిసీవర్ డేటా పిన్‌కు నేరుగా కలిపారేమో చూడండి. సిగ్నల్ లేనప్పుడు ఈ రిసీవర్ ఊరుకోదు, గాలిలోని రణగొణనంతా బయటకు పంపుతూనే ఉంటుంది. లైటు డీకోడర్ 17వ పిన్ నుంచే వెలగాలి. సరైన కోడ్ వస్తున్నంతసేపే ఆ పిన్ పైకి లేస్తుంది, బటన్ వదిలితే దిగిపోతుంది. 10 నుంచి 13 వరకు ఉన్న డేటా పిన్‌లకు కలిపితే చివరి స్థితిలోనే నిలిచిపోతాయి, లైటు ఆరదు.

నేను నొక్కితే నా లైటే వెలుగుతోంది

రెండు వైపులా పంపేలా, అందుకునేలా కట్టినప్పుడు వచ్చే చిక్కు ఇది. మీ ట్రాన్స్‌మిటర్ మీ రిసీవర్‌కే అన్నిటికన్నా దగ్గర కదా. మీరు పంపడానికి ఒక అడ్రస్, అవతలివాళ్లు పంపడానికి ఇంకో అడ్రస్ పెట్టండి. మీ డీకోడర్‌కు అవతలివాళ్ల ఎన్‌కోడర్ అడ్రస్ ఉండాలి. ఇద్దరూ ఒకేసారి నొక్కితే మాత్రం రెండు సిగ్నళ్లూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. దానికి ఈ సర్క్యూట్‌లో మందు లేదు, ఒకరు వదిలాక ఇంకొకరు నొక్కాలి.

జవాబు లైటు కూడా ఉండేలా రెండు వైపులా కట్టమనే నేను గట్టిగా చెబుతాను. ఒకవైపే ఉంటే సిగ్నల్ చేరిందో లేదో పంపినవాళ్లకు తెలియదు. మంచం దిగలేని మనిషి కోసం కడుతుంటే ఆ టెన్షన్ చిన్నది కాదు. అలాంటి చోట దీనితో పాటు పిలవడానికి ఇంకో మార్గం కూడా తప్పకుండా ఉంచండి.

కొన్ని రోజులు పనిచేసి ఆగిపోయింది

ట్రాన్స్‌మిటర్ బటన్ నొక్కినప్పుడే కరెంటు తాగుతుంది. రిసీవర్ మాత్రం ఎప్పుడూ మేలుకునే ఉండాలి. అటువైపు మొత్తం 5 మిల్లీ ఆంపియర్లు లాగితే 2000 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్స్ 400 గంటలు, అంటే సుమారు 16 రోజులు వస్తాయి. రిసీవర్ వైపు 5 వోల్టుల ఫోన్ ఛార్జర్ వాడటం మేలు. ఛార్జర్ పెట్టాక దూరం తగ్గితే తప్పు దానిదే, నాసిరకం ఛార్జర్లు రేడియోకు అడ్డుపడే రొద చేస్తాయి. రిసీవర్ పవర్ పిన్‌ల దగ్గరే 100 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పెట్టి చూడండి, అప్పటికీ తగ్గకపోతే ఛార్జర్ మార్చండి.