గాజుల ఫొటోకి వెలుగును మెత్తబరిచే కాగితం

లాడ్ బజార్ లక్క గాజుల్ని ఫోన్‌తో ఫొటో తీస్తే ప్రతి రాయి మీదా తెల్లటి మచ్చ పడుతుంది. రంగు పోతుంది, చేసినవాళ్ల పనితనమూ కనిపించదు. ఆన్‌లైన్‌లో గాజులు, ముత్యాలు అమ్ముకునేవాళ్లకు ఫొటోలు తీసిపెట్టడం నా పని. ఆ మచ్చ పడితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

లైటుకీ గాజుకీ మధ్య వెలుగును చెదరగొట్టేది ఒకటి అడ్డం పెట్టాలి. అలాంటివాటిని ట్రాన్స్‌లూసెంట్ అంటారు. లాటిన్‌లో ‘ట్రాన్స్’ అంటే ఆవలికి, ‘లూకేరే’ అంటే ప్రకాశించడం. తెలుగులో పారభాసకం. వెలుగు దాటుతుంది గానీ అవతలి వస్తువు స్పష్టంగా కనిపించదు.

కొనేముందు ఇలా చూడండి. బటర్ పేపర్‌ని న్యూస్‌పేపర్ మీద పరవండి, అక్షరాలు చదవొచ్చు. మెల్లగా రెండంగుళాలు పైకెత్తండి, అక్షరాలు అలుక్కుపోతాయి. అలా అలుక్కుపోయిందే మనకు పనికొస్తుంది. రంగు సెల్లోఫేన్ కాగితం ఎంత ఎత్తినా అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి, అది వద్దు. కోఠిలో స్టేషనరీ షాపుల్లో ట్రేసింగ్ పేపర్ అడిగినా సరిపోతుంది.

కాగితాన్ని బల్బుకి అంటించకండి, చాలామంది చేసేది అదే. అంటిస్తే వెలిగే చోటు బల్బంతే ఉంటుంది, మచ్చా అలాగే ఉంటుంది. అట్టపెట్టెకి ఒక పక్క కోసి, అక్కడ కాగితం బిగించి, బల్బుని అడుగు దూరం వెనక్కి జరపండి. కాగితం మొత్తం ఒకేలా వెలగాలి. నడుమ మాత్రమే మెరుస్తుంటే ఇంకా వెనక్కి. గాజుల్ని మాత్రం కాగితానికి వీలైనంత దగ్గరగా పెట్టండి. ఎల్ఈడీయే వాడండి, హాలోజన్ బల్బు వేడికి కాగితానికి నిప్పంటుకోవచ్చు.

ముత్యాల సంగతి వేరు. గుండ్రంగా ఉంటాయి కాబట్టి చుట్టూ ఉన్నదంతా వాటిలో కనిపిస్తుంది, మీ చొక్కా రంగు కూడా. అన్ని వైపులా తెల్లకాగితం కట్టేస్తే ముత్యం బిళ్లలా చదునుగా వస్తుంది. ఒక పక్క సన్నటి నల్ల అట్ట నిలబెట్టండి, గుండ్రదనం తేలుతుంది.

కాగితం కొంత వెలుగును తినేస్తుంది, వెలుగు తగ్గితే చెయ్యి కాస్త కదిలినా ఫొటో అలుక్కుపోతుంది, అందుకని ఫోన్‌ని స్టాండుకి బిగించి టైమర్‌తో తీయండి. గదిలో ట్యూబ్‌లైటు ఆపేయండి, లేదంటే రెండు లైట్ల రంగులు వేరైతే ముత్యం ఒకవైపు పసుపు, ఒకవైపు నీలం తిరుగుతుంది.