ఎచింగ్ పాఠాలు – 5: ప్లేట్లు తెల్లగా ఎందుకొచ్చాయి?

ఎచింగ్ అంటే లోహపు ప్లేటుని యాసిడ్‌తో తినిపించి, ఆ గుంటల్లో సిరా నింపి ప్రింటు తీయడం. పోయిన పాఠం చూసి మీరు తీసిన అక్వాటింట్ ప్రింట్లలో చాలావరకు తెల్లగానే ఉన్నాయి. యాసిడ్ పాతబడిందని కొందరు, ప్రెస్ బిగించలేదని కొందరు అనుకున్నారు. రెండూ కాదు. ప్లేటు మీద చల్లిన రోజిన్‌ని (చెట్టు జిగురు పొడి) ఎక్కువ కాల్చారు.

అక్వాటింట్‌లో, అంటే గీతలకు బదులు నలుపు-బూడిద ఛాయలు (టోన్లు) తెచ్చే ఎచింగ్‌లో, యాసిడ్ తినేది రోజిన్ రేణువుల మధ్య ఉన్న ఖాళీని. ఆ గుంటల్లో సిరా నిలుస్తుంది, రేణువు ఉన్నచోట కాగితం తెల్లగా మిగులుతుంది. కంటికి రెండూ కలిసి బూడిద రంగు. రేణువులన్నీ కరిగి ఒకటైపోతే ఇక ఖాళీ ఎక్కడిది? యాసిడ్ తినకుండా వార్నిష్ పూసిన ప్లేటుతో సమానం.

అందుకే వేడి చేసేటప్పుడు గడియారం చూడకండి, ప్లేటు చూడండి. వెలుతురు ఏటవాలుగా పడాలి. చల్లిన పొడి మొదట పిండిలా తెల్లగా ఉంటుంది. కరిగిన చోట తెలుపు పోయి లోహం కనిపిస్తుంది. నేను మంటను ఎప్పుడూ ఒక మూల నుంచే మొదలుపెడతాను, అప్పుడు తెలుపు ఎక్కడిదాకా పోయిందో గీతలా తెలుస్తుంది. పోగానే మంట జరపాలి. "ఇంకాస్త పట్టనీ" అని ఆగారో, అంతే సంగతులు! అద్దంలా మెరిసిందంటే పొర కట్టినట్టే. స్పిరిట్‌తో తుడిచి మళ్లీ చల్లుకోవాల్సిందే. తక్కువ కాలిందేమోనని అనుమానముంటే, చల్లారాక ఒక మూల వేలితో రుద్దండి. పొడి అంటితే ఇంకాస్త వేడి చాలు.

ఇక ఈ వారం పని. తెల్లగా ఉండాల్సిన చోట ముందే వార్నిష్ పూయండి. జింక్ ప్లేటుని పలుచని నైట్రిక్ యాసిడ్‌లో 15 సెకన్లు ముంచి, కడిగి, ఆరబెట్టి, లేత బూడిద చాలనుకున్న చోట వార్నిష్‌తో మూసేయండి. ఇంకో 15 సెకన్లు, మళ్లీ మూత. తర్వాత 30 సెకన్లు, ఆపైన 1 నిమిషం. చివరిదాకా తెరిచి ఉన్న చోటికి మొత్తం 2 నిమిషాలు పడతాయి, అదే మీ నలుపు. మీ యాసిడ్ బలాన్ని బట్టి ఇవి మారతాయి, ముందు చిన్న ముక్క మీద చూసుకోండి. రాగికైతే నాకు ఫెర్రిక్ క్లోరైడే ఇష్టం, టైములు వేరు.

అభ్యాసం: స్పెయిన్ చిత్రకారుడు గోయా 1799లో తెచ్చిన 'కాప్రిచోస్' అనే ప్రింట్ల వరసలో, 80 ప్లేట్లలో 32వది చూడండి. చెరసాలలో కూర్చున్న స్త్రీ. ఒక్క గీత లేదు, అంతా అక్వాటింటే. మీరూ రాత్రిపూట దీపం పక్కన కూర్చున్న మనిషిని గీత లేకుండా, తెలుపు కాక మూడే టోన్లతో వేయండి.

పొడి చల్లేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. దగ్గర్లో స్టవ్ వెలుగుతూ ఉండకూడదు, గాల్లో లేచిన రోజిన్ భగ్గున అంటుకుంటుంది.