కవర్లో చిక్కు చూసి భయపడే ముందు, అద్దంలో పాపిడి చూడండి

మా పార్లర్‌కి వచ్చేవాళ్లలో కొందరు కుర్చీలో కూర్చోకముందే హ్యాండ్‌బ్యాగులోంచి ఒక పాలిథిన్ కవరు తీస్తారు. అందులో వాళ్ల సొంత వెంట్రుకలుంటాయి. "చూడక్కా, నిన్న ఒక్కరోజే ఇంత" అంటారు. కొంతమందికి ఆ మాట పూర్తయ్యేలోపే కళ్లు నిండుతాయి. తెనాలిలో ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఆ కవరును ఏనాడూ తేలిగ్గా తీసుకోలేదు. కానీ కవరు ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం. జుట్టు రాలడం వేరు, జుట్టు పోవడం వేరు. రాలిన వెంట్రుక ఉన్న కుదురులోంచి మరొకటి మొలుస్తుంది. పోవడమంటే ఆ కుదురు సన్నబడటమో మూసుకుపోవడమో జరిగి, వెనకటి వెంట్రుకలాంటిది మళ్లీ రాకపోవడం. ఏది జరుగుతోందో ఇంట్లోనే చాలావరకు కనిపెట్టొచ్చు.

ముందు రాలడం సంగతి. మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కోటి రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పెరిగి, ఆగి, ఓ మూడు నెలలు కుదురులో ఊరికే ఉండి రాలిపోతుంది. అందుకే రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. నడుం దాకా జడ ఉన్న మనిషికి ఆ వందే పెద్ద ఉండలా కనిపిస్తుంది. ఆమె భర్త క్రాపులోంచి అదే వంద రాలినా ఎవరి కంటా పడవు. "మా ఇంట్లో నాకొక్కదానికే ఊడుతోంది" అనేవాళ్లు ముందుగా ఈ తేడా గుర్తు పెట్టుకోవాలి. శనివారం శనివారం తలంటుకునేవాళ్లు మరీ బెదిరిపోతారు. ఆరు రోజులుగా ఊడి జడలోనే చిక్కుకుని ఉన్నవన్నీ ఆ ఒక్క పూట బాత్రూం తూము దగ్గర చేరతాయి. అవి ఆ రోజు షాంపూ పీకినవి కావు.

నేను చెప్పే మొదటి పద్ధతికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. చిక్కు వెంట్రుకలు కొనేవాళ్లు వస్తారని మన ఇళ్లలో చాలామంది దువ్వెనకు వచ్చినవి అద్దం వెనక కవర్లో దాస్తారు కదా. ఆ అలవాటునే కాస్త మార్చండి. వారానికో కవరు పెట్టి, దాని మీద తేదీ రాయండి. దువ్వెనవి, దిండు మీదవి, తలంటు రోజు తూము దగ్గరవి అన్నీ అందులోనే వెయ్యండి. ఆ నాలుగు వారాలూ తలస్నానం రోజులు మార్చకండి, కొత్త నూనె పట్టకండి. నెల తిరిగాక నాలుగు కవర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టమని నేను ఎవరికీ చెప్పను. అలా లెక్కపెడుతూ రాత్రుళ్లు నిద్ర పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. పక్కింటావిడ కవరుతో పోల్చుకోవడమూ అనవసరం. మీకు ఎప్పుడూ రాలేదానికన్నా ఇప్పుడు బాగా ఎక్కువైందా, వారం వారం పెరుగుతోందా అన్నదే చూడాలి.

కవర్లోంచి పది వెంట్రుకలు తీసి తెల్ల కాగితం మీద పరవండి. ఒక కొసన ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి బుడిపె కనిపిస్తే, అది ఆయువు తీరి రాలిన వెంట్రుక. "వేరుతో సహా వచ్చేసిందక్కా, ఇక మొలవదు" అని భయపడేది దీన్ని చూసే. నిజానికి కుదురు చర్మం లోపలే ఉంటుంది, అక్కడ మరో వెంట్రుక తయారవుతూ ఉంటుంది. బుడిపె లేకుండా పొట్టి పొట్టి ముక్కలుంటే అది రాలడం కాదు, తెగడం. తడి జుట్టును గట్టిగా దువ్వడం, పదే పదే స్ట్రెయిటెనింగ్, రంగులు, ఎప్పుడూ ఒకే చోట బిగించే రబ్బరు బ్యాండు, ఇవీ దానికి కారణాలు. వాటిని మానితే కొత్తగా వచ్చే జుట్టు బాగానే ఉంటుంది.

తర్వాత లాగి చూడటం. తలంటుకున్న మర్నాడు, నూనె లేకుండా, యాభై అరవై వెంట్రుకల పాయను బొటనవేలు, చూపుడువేలు, నడివేలు మధ్య పట్టి మాడు దగ్గర్నుంచి కొస దాకా మెల్లగా, నొప్పి పుట్టకుండా లాగండి. ఒకటో రెండో వస్తే పట్టించుకోనక్కర్లేదు. నడినెత్తిన, రెండు పక్కలా, వెనకా ఎక్కడ పట్టుకున్నా ఐదారుకు పైగా వస్తుంటే రాలడం నిజంగానే ఎక్కువైందన్నమాట.

ఎక్కువైందని తేలితే క్యాలెండరు తీసి మూడు నెలలు వెనక్కి వెళ్లండి. ఈ మాట దగ్గరే నేను ఎక్కువసేపు కూర్చోబెడతాను. ఎందుకంటే అందరూ నిన్న మార్చిన షాంపూనో, కొత్త ఊరి బోరు నీళ్లనో తిడతారు. ఒంటికి గట్టి దెబ్బ తగిలినప్పుడు పెరుగుతున్న వెంట్రుకలు చాలా ఒకేసారి ఆగిపోతాయి, కానీ రెండు మూడు నెలల దాకా రాలవు. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం, ఆపరేషను, కాన్పు, కడుపు మాడ్చుకుని బరువు తగ్గడం, ఇంట్లో చావు, గర్భనిరోధక మాత్రలు ఆపడం, వీటిలో ఏదైనా కావచ్చు. ఇంటర్ చదివే ఒకమ్మాయి సంక్రాంతి సెలవుల్లో వచ్చింది, దువ్వితే కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. అడిగితే అక్టోబరులో డెంగీతో ఆసుపత్రిలో ఉన్నానంది. గుండు చేయించమని వాళ్ల నాయనమ్మ పోరుతోంది. గుండు మొక్కు కోసమైతే తిరుమల వెళ్లి సంతోషంగా ఇచ్చి రండి. జుట్టు ఒత్తుగా వస్తుందన్న ఆశతో మాత్రం వద్దు. కత్తి చర్మం పైనే తిరుగుతుంది, కుదురును తాకదు. ఆ అమ్మాయికి ఆగమని చెప్పాను. ఎండలు ముదిరేసరికి రాలడం తగ్గింది, నుదుటి అంచున చిన్న చిన్న వెంట్రుకలు నిటారుగా లేచాయి. నెలకు ఒక సెంటీమీటరు లెక్కన పెరుగుతాయి కాబట్టి జడలో కలవడానికి చాలా కాలమే పడుతుంది. బాలింతలకూ ఇంతే. బిడ్డ ముఖం గుర్తుపట్టే వయసొస్తే తల్లి జుట్టు రాలుతుందని మా అమ్మమ్మ అనేది. కారణం బిడ్డ చూపు కాదు గానీ, ఆ మూడో నెల లెక్క మాత్రం సరిగ్గా సరిపోతుంది.

ఇలాంటి రాలడం భయపెడుతుంది, కానీ సాధారణంగా ఆరు నెలల్లోపు సర్దుకుంటుంది. నాకు దిగులు చప్పుడు లేకుండా పోయే జుట్టు గురించే.

ఒక టీచరమ్మ నా దగ్గరికి ఏళ్ల తరబడి వచ్చేది. పాపిడి వెడల్పవుతోందని ఆమే చెప్పింది. చుండ్రు వల్లే అన్నాను. ఏడాదిన్నర నూనెలు, హెయిర్ స్పాలు చేశాను, డబ్బులు తీసుకున్నాను. ఆమెకు రోజూ రాలేది కొంచెమే కాబట్టి నాకు అనుమానం రాలేదు. చివరికి చర్మవ్యాధుల డాక్టరు చెప్పారు, రాలిన ప్రతి వెంట్రుక స్థానంలో అంతకన్నా సన్నది మొలుస్తోందని, మందు ఉన్నదాన్ని నిలబెడుతుంది గానీ పోయినదంతా తిరిగి తేలేదని. ఆ ఏడాదిన్నర నా వల్ల పోయింది. ఇది రాయడానికి కారణం అదే.

కాబట్టి నెలకోసారి పాపిడి ఫొటో తీయించుకోండి. ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళ, తల ఆరాక, నూనె రాయకముందు. నడినెత్తి పాపిడిని తల వెనక తీసిన పాపిడితో పోల్చండి. రెండూ ఒకేలా పలచబడితే జ్వరం లాంటి కారణం వెతకాలి. వెనక ఒత్తుగా ఉండి నడినెత్తిన మాత్రం చర్మం కనిపిస్తుంటే అది వంశపారంపర్యంగా వచ్చే పలచదనం కావచ్చు. మగవాళ్లకైతే కణతల దగ్గర, సుడి దగ్గర మొదలవుతుంది. రబ్బరు బ్యాండు మూడు చుట్లకు బిగిసేది ఇప్పుడు నాలుగు పడుతోందంటే, అప్పటికే చాలా పోయిందని అర్థం. నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు కూడా తోడైతే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి. స్కూలుకు రెండు జడలు బిగించి మడిచి కట్టే తల్లులు పిల్లల కణతల మీద ఓ కన్నేసి ఉంచండి. కొద్దికాలమైతే జుట్టు తిరిగొస్తుంది, ఏళ్ల తరబడి లాగితే రాదు.

నాణెమంత నున్నటి మచ్చ కనిపిస్తే మనవాళ్లు పేనుకొరుకుడు అంటారు. పేను కొరికితే వచ్చేది కాదది. ఒంటి రక్షణ వ్యవస్థ కుదుళ్ల మీదే తిరగబడటం. గురివింద గింజ అరగదీసి, జిల్లేడు పాలు పూసి మాడు పుండ్లు చేసుకుని వచ్చినవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. పిల్లల తలలో పొలుసులతో, తెగిన వెంట్రుకలతో మచ్చ ఉంటే తామర కావచ్చు, దానికి పూత మందు చాలదు, లోపలికి మాత్రలు కావాలి. మంట, నొప్పి, చీము ఉన్నా, మచ్చలో వెంట్రుక రంధ్రాలే కనిపించకుండా చర్మం మెరుస్తున్నా చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఒక్క వారం కూడా ఆగొద్దు. అలాంటి చోట కుదురు మూసుకుపోతే మళ్లీ తెరుచుకోదు. రాలడం ఆరు నెలలు దాటినా వెళ్లాల్సిందే. జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్ అనే మందును ఎవరో చెప్పారని సొంతంగా మొదలుపెట్టకండి. తొలి వారాల్లో దానితో రాలడం పెరగొచ్చు, అది తెలియక భయపడి మానేస్తారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ముట్టుకోనే కూడదు.

డాక్టరు సాధారణంగా హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు రాస్తారు. జుట్టు కోసమని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వాడుతుంటే రక్తం ఇచ్చే ముందే చెప్పండి, అది థైరాయిడ్ ఫలితాన్ని తప్పుగా చూపించగలదు. ఎన్ని రోజుల ముందు ఆపాలో వాళ్లే చెబుతారు. తేదీలు రాసిన కవర్లు, ఫొటోలు, మూడు నెలల వెనక ఏం జరిగిందో రాసుకున్న చీటీ వెంట తీసుకెళ్లండి. వెళ్లే రోజు తలకు నూనె పెట్టకండి, సవరం పెట్టకండి, పలచబడిన చోటు కనిపించకుండా పాపిడి పక్కకు మార్చి దువ్వుకోకండి. ఆ చోటే ఆయన చూడాలి.