కర్మను జరుగుతుండగానే చూడటం ఎలా? ఆనాపానసతి నుంచి రాహులుడి అద్దం వరకు ఒక సాధన క్రమం

మన ఇళ్లలో కర్మ అనే మాట చాలాసార్లు నిట్టూర్పుతో కలిసే వస్తుంది. బస్సు కళ్లముందే వెళ్లిపోయినా, పొయ్యి మీద పాలు పొంగిపోయినా, కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోయినా "నా కర్మ" అని నుదురు కొట్టుకోవడం మనకు అలవాటు. ఆ వాడుకలో కర్మ అంటే ఎప్పుడో మనం చేసేసి మరచిపోయినది, ఇప్పుడు నెత్తిన వచ్చి పడుతున్నది. బుద్ధుడు ఆ మాటను రెండో కొస నుంచి పట్టుకున్నాడు. పాళీ భాషలో ఉన్న బుద్ధ బోధనల సంకలనాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలోని నిబ్బేధిక సుత్తంలో (సుత్తం అంటే ఒక ఉపదేశం) ఆయన "చేతననే నేను కర్మ అంటున్నాను" అని భిక్షువులతో అంటాడు. ఇక్కడ చేతన అంటే సంకల్పం; ముందు అది కలుగుతుందని, ఆ తరువాతే మనిషి శరీరంతోనో మాటతోనో మనసుతోనో కర్మ చేస్తాడని అక్కడే వివరిస్తాడు.

ఇది ఒప్పుకుంటే కర్మను అర్థం చేసుకోవడానికి గతజన్మల చిట్టా అక్కరలేదు, సంకల్పం పుట్టే క్షణం మన కంటబడితే చాలు. అయితే మామూలు రోజుల్లో మనసులోని గోల వల్ల ఆ క్షణం ఎవరికీ కనబడదు. మాట నోరు దాటాకనే అన్నామని తెలుస్తుంది. అందుకే ముందు మనసును నెమ్మదింపజేసి, ఆ నెమ్మదిలో చేతనను గమనించి, ఆ గమనికను పగటి పనుల్లోకి తీసుకుపోవడం అనే క్రమం ఏర్పడింది. ఇక్కడ చెబుతున్నది పాళీ సుత్తాల మీద ఆధారపడిన థేరవాద (పాళీ గ్రంథాలను అనుసరించే బౌద్ధశాఖ) పద్ధతి. పొద్దున 20 నిమిషాలు, రాత్రి 10 నిమిషాలు కేటాయించగలిగితే మొదలుపెట్టవచ్చు.

కూర్చోకముందు

సాధన ఆసనం మీద మొదలవుతుందని చాలామంది అనుకుంటారు కాని, బౌద్ధంలో అది శీలంతో మొదలవుతుంది. ప్రాణహింస, దొంగతనం, అక్రమ లైంగిక ప్రవర్తన, అబద్ధం, మత్తుపదార్థాలు అనే అయిదింటికి దూరంగా ఉండటమే పంచశీలం. దీన్ని భక్తి నియమంగా కన్నా ముందు జాగ్రత్తగా చూడటం మంచిదని నా అభిప్రాయం. నిన్న సాయంత్రం ఒక అబద్ధం చెప్పివచ్చిన మనసు ఈ ఉదయం శ్వాస దగ్గర నిలవదు, ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకేం చెప్పాలా అని లెక్కలు వేసుకుంటూ ఉంటుంది.

స్థలం విషయంలో సుత్తాలు అడవి, చెట్టు మొదలు, ఖాళీ ఇల్లు అంటాయి. మనకు కుక్కరు కూతలు, నీళ్ల మోటారు చప్పుడు మొదలుకాకముందు హాల్లో ఒక మూల దొరికితే అదే ఖాళీ ఇల్లు. చాప మీద దుప్పటిని నాలుగు మడతలు వేసి, పిరుదులు మోకాళ్ల కన్నా కాస్త ఎత్తులో ఉండేలా బాసింపట్టు వేసుకోవాలి. మోకాళ్లు సహకరించనివారు కుర్చీలో వెనక్కి ఆనుకోకుండా, పాదాలు నేలకు ఆనేలా కూర్చోవచ్చు. వెన్ను నిటారుగా ఉండాలి, భుజాలు బిగుసుకోకూడదు.

శ్వాస దగ్గర

కళ్లు మూసుకుని, గాలి లోపలికి వచ్చి పోయే తాకిడి ముక్కుపుటాల దగ్గర, పై పెదవికి పైన ఎక్కడ స్పష్టంగా తెలుస్తుందో అక్కడ ఎరుకను ఉంచాలి. ఇక్కడ ప్రాణాయామం చేసే అలవాటున్నవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: శ్వాసను పొడిగించడం, బిగబట్టడం, లయ కట్టడం ఏదీ చేయకూడదు. మజ్ఝిమ నికాయంలోని ఆనాపానసతి (శ్వాస మీద ఎరుక) సుత్తం 16 మెట్లుగా ఈ సాధనను వివరిస్తూ, శ్వాస దీర్ఘంగా ఉంటే దీర్ఘంగా ఉందని, పొట్టిగా ఉంటే పొట్టిగా ఉందని తెలుసుకోవడంతోనే మొదలుపెడుతుంది. శ్వాస దారిన శ్వాసను పోనిచ్చి, అది ఎలా ఉందో అలా తెలుసుకోవడమే మన పని. కొత్తవారు ఈ మొదటి రెండు మెట్ల దగ్గర నెలల తరబడి ఉన్నా తప్పేమీ లేదు.

మనసు ఒక చోట నిలవకపోతే లెక్కపెట్టుకోవచ్చు. అయిదో శతాబ్దంలో శ్రీలంకలో బుద్ధఘోషుడు రచించిన విశుద్ధిమగ్గం అనే సాధన గ్రంథం ఈ లెక్కకు ఒక హద్దు పెట్టింది: అయిదుకు తగ్గకూడదు, పదికి మించకూడదు. అయిదులోపే ఆపేస్తే ఇరుకు దొడ్డిలో తోలిన పశువుల్లా ఆలోచనలు కొట్టుకుంటాయని, పది దాటితే మనసు శ్వాసను వదిలి అంకెను పట్టుకుంటుందని ఆయన చెప్పిన కారణం. ప్రయత్నించి చూస్తే ఇది ఎంత నిజమో తెలుస్తుంది. నేను ఒకసారి 38 దాకా వెళ్లి, అందులో శ్వాస ఒక్కటీ గుర్తులేక నవ్వుకున్నాను. శ్వాస స్థిరపడ్డాక లెక్క మానేయాలి.

బర్మాకు చెందిన మహాసి సయడో అనే భిక్షువు పరంపరలో ముక్కు దగ్గర కాకుండా పొట్ట ఎగసి దిగే కదలికను గమనించమంటారు. రెండూ పనిచేస్తాయి. రోజుకొకటి మార్చడం మాత్రం బావికోసం పది చోట్ల రెండేసి అడుగులు తవ్వడం లాంటిది.

మనసు పారిపోయినప్పుడు

పారిపోతుంది, అందులో సందేహం లేదు. పారిపోయిందని తెలిసిన క్షణమే సాధన తిరిగి మొదలైన క్షణం కనుక, విసుక్కోకుండా శ్వాస దగ్గరికి తీసుకురావాలి. అయితే ఎటు పారిపోయిందో ఒక్కసారి గుర్తించి తీసుకురావడం మేలు, ఎందుకంటే మనసుకు అడ్డుపడేవాటిని బుద్ధుడు అయిదుగా వర్గీకరించి, ఒక్కొక్కదానికి ఒక నీళ్ల పాత్రను ఉపమానంగా చెప్పాడు. సంగారవుడనే బ్రాహ్మణుడు, కంఠస్థం చేసిన మంత్రాలు కొన్నిసార్లు ఎందుకు గుర్తుకురావని అడిగినప్పుడు చెప్పిన మాటలివి. కోరికతో నిండిన మనసు లక్క, పసుపు లాంటి రంగులు కలిపిన నీరు; కోపంతో ఉన్నది మరుగుతున్న నీరు; మందకొడితనం, మగత కమ్మినది నాచు కప్పిన నీరు; చాంచల్యం, పశ్చాత్తాపం రేపినది గాలికి అలలు లేచిన నీరు; సందేహం పట్టినది చీకట్లో పెట్టిన బురద నీరు. అయిదింటిలో దేనిలోకి తొంగిచూసినా మన ముఖం మనకు కనబడదు.

ఈ ఉపమానంలో ఉపాయం కూడా ఉంది. మరుగుతున్న నీటిని కలిపితే చల్లారదు, కింది మంట తీయాలి. అంటే కోపం వచ్చిన విషయాన్ని మళ్లీ మళ్లీ వాదించుకోకుండా, దానికి బదులు మెత్తను, అంటే మైత్రీభావనను, కాసేపు సాధన చేయాలి: ముందు తన క్షేమం, తరువాత తనకు మేలు చేసినవారి క్షేమం, ఆ తరువాత ఇష్టం అయిష్టం రెండూ లేనివారి క్షేమం కోరుకుని, చివరికే విరోధి దగ్గరికి పోవాలి. మొదటే విరోధితో మొదలుపెడితే మంట పెరుగుతుంది. నాచు పట్టిన మనసుకు వెలుతురు కావాలి కనుక కళ్లు తెరవడం, లేచి పది అడుగులు నడవడం మంచిది.

వేదన, దాని వెనకే చేతన

తెలుగులో వేదన అంటే బాధ. పాళీలో అలా కాదు. సుఖంగా ఉన్నది, దుఃఖంగా ఉన్నది, రెండూ కానిది అనే మూడు రకాల అనుభూతులూ వేదనే. శ్వాస కాస్త నెమ్మదించిన రెండు మూడు వారాల తరువాత, 20 నిమిషాల్లో చివరి అయిదింటిని దీనికోసం కేటాయించాలి.

దోమను ఉదాహరణగా తీసుకోండి. చెవి పక్కన గుయ్యిమన్న శబ్దం ముందు వినబడుతుంది. చెంప మీద వాలినట్టు సన్నని తాకిడి, ఆ వెంటనే ఒక చురుకు. ఆ చురుకు వేదన. దాని వెనకే "వద్దు" అనే బిగుతు దవడలోనో, గొంతులోనో తెలుస్తుంది. ఆ తరువాత కుడిచేయి కొద్దిగా బరువు కోల్పోయినట్టు అనిపిస్తుంది, ఇంకా లేవలేదు కాని లేవబోతోంది. కొట్టాలనే ఆ సంకల్పమే చేతన. చురుకు మీరు చేసింది కాదు. చేయి లేవబోవడం మీరు చేయబోతున్నది. మామూలుగా ఈ మొత్తం ఒకే దెబ్బలో, చెంప మీద చప్పుడుతో ముగిసిపోతుంది. ఆ కొద్దిపాటి సందును ఒక్కసారి చూసినవారికి కర్మ అనే మాట పుస్తకంలోది కాకుండా పోతుంది. చూసిన తరువాత దోమను మెల్లగా తోలేయవచ్చు. డెంగీ కాలంలో కదలకుండా కుట్టించుకోవాలని ఏ సుత్తమూ చెప్పలేదు.

అంతా కర్మేనా?

ఇక్కడ ఒక ప్రశ్న తప్పదు: ఆ చురుకు కూడా నా పూర్వకర్మ ఫలమేనా? సంయుత్త నికాయంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు సరిగ్గా దీన్నే అడిగాడు. బుద్ధుడు పిత్తం, కఫం, వాతం, ఆ మూడూ కలవడం, ఋతువు మారడం, ఒళ్లు జాగ్రత్తగా చూసుకోకపోవడం, బయటి దెబ్బలు, కర్మ విపాకం (కర్మ ఫలం) అని ఎనిమిది కారణాలు చెప్పాడు. ఎనిమిదింటిలో కర్మ ఒకటి మాత్రమే. అనుభవించేదంతా పూర్వకర్మ వల్లనే అనేవారు తమకు స్వయంగా తెలిసినదాన్నీ, లోకానికి తెలిసినదాన్నీ దాటి మాట్లాడుతున్నారని ఆయన తేల్చాడు. కాబట్టి జ్వరం వస్తే మందు వేసుకోవాలి, పక్కింటివారి కష్టానికి వారి కర్మను కారణంగా చూపకూడదు.

మనకు ఈ వాదంతో పాత చుట్టరికమే ఉంది. "ఇదంతా కర్మ వల్లనే" అనే సిద్ధాంతాన్ని బౌద్ధ సిద్ధాంత గ్రంథాల సంపుటి అయిన అభిధమ్మ పిటకంలోని కథావత్థు అనే గ్రంథం ఖండించింది. ఆ సిద్ధాంతం రాజగిరిక, సిద్ధత్థిక శాఖలవారిదని దాని పాళీ వ్యాఖ్యానం చెబుతుంది. ఆ రెండింటినీ అది పూర్వశైల, అపరశైల శాఖలతో కలిపి అంధక శాఖలుగా, అంటే ఆంధ్రదేశపు శాఖలుగా లెక్కిస్తుంది. పాలు పొంగితే "నా కర్మ" అనే మన నోటి అలవాటుకు ఎంత పాత మద్దతుదారులున్నారో చూడండి.

పగటిపూట: రాహులుడి అద్దం

చాప మీద చూసింది చాప మీదే ఉండిపోకుండా ఒక పద్ధతి ఉంది. రాజగృహం దగ్గర అంబలట్ఠికలో బుద్ధుడు తన కొడుకు రాహులుడికి దీన్ని నేర్పాడు; అప్పటికి ఆ పిల్లవాడికి ఏడేళ్లని వ్యాఖ్యానం చెబుతుంది. కాళ్లు కడుక్కున్న పాత్రలో కొద్దిగా నీళ్లు మిగిల్చి, తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడనివారి శ్రమణత్వం (సన్యాసిగా వారి విలువ) అంత కొంచెమే అని చూపించాడు. ఆ తరువాత "అద్దం దేనికి?" అని అడిగాడు. చూసుకోవడానికి అని రాహులుడు చెప్పాడు. అలాగే ప్రతి పనినీ చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తరువాత చూసుకోమని, ఇది నాకు గాని ఇతరులకు గాని ఇద్దరికీ గాని హాని చేస్తుందా అని ప్రశ్నించుకోమని బోధించాడు. రాజస్థాన్‌లోని బైరాట్‌లో దొరికిన శాసనంలో అశోకుడు భిక్షువులూ ఉపాసకులూ తరచుగా వినవలసినవని ఏడు బోధనల పేర్లు చెక్కించాడు. అబద్ధం గురించి రాహులుడికి చేసిన ఉపదేశం వాటిలో ఒకటి.

అన్ని పనులకూ దీన్ని ఒకేసారి మొదలుపెడితే రెండో రోజుకే మానేస్తారు. ఒకే ఒక్క రకం పనిని ఎంచుకోండి. నేను ఫోన్‌లో ఇచ్చే జవాబులను ఎంచుకున్నాను. ఒక రాత్రి భోజనాలయ్యాక కుటుంబ గ్రూపులో, ఒక పెళ్లి ఖర్చుల లెక్క మీద దగ్గరి బంధువొకరు చిన్న ఎత్తిపొడుపు మాట పెట్టారు. నా బొటనవేలు అప్పటికే రెండు వాక్యాలు టైపు చేసేసింది. అందులో ఉన్న విషయమంతా నిజమే, రశీదులతో సహా నిరూపించగలను. అయినా ఛాతీలో వేడి, బిగిసిన దవడ తెలిశాయి. హాని కలుగుతుందా అని ప్రశ్నించుకున్నప్పుడు, ఆ రెండో వాక్యం లెక్క సరిచేయడానికి కాక, గుచ్చడానికే పుట్టిందని స్పష్టమైంది. దాన్ని చెరిపి, లెక్క మాత్రం పంపాను. వాక్యం నిజమా అబద్ధమా అన్నది ఒక ప్రశ్న, అది ఏ చేతన నుంచి వచ్చిందన్నది మరో ప్రశ్న. కర్మ లెక్క రెండోదానిది.

రాత్రి 10 నిమిషాలు

పడుకోబోయే ముందు ఆనాటి ఒకటి రెండు పనులను మాత్రమే తలచుకోవాలి. తప్పు కనబడితే, మాటతోనో చేతితోనో చేసినదైతే నమ్మకమైన పెద్దవారితోనో మిత్రుడితోనో చెప్పుకుని, ఇకపై అలా చేయకుండా జాగ్రత్తపడమని రాహులుడికి చెప్పిన ఆ సుత్తమే అంటుంది. మంచి పని కనబడితే సంతోషించమని కూడా అంతే స్పష్టంగా అంటుంది. మనవాళ్లు ఈ రెండో భాగాన్ని వదిలేస్తారు. తప్పునే తలచుకుని కుమిలిపోవడం సాధన కాదు, అది పైన చెప్పిన గాలి రేపిన నీరే. పిడికెడు ఉప్పు గిన్నెడు నీళ్లను తాగలేకుండా చేస్తుంది కాని గంగను చేయలేదని, అలాగే ఒకే చిన్న తప్పు మనసు పెంపును బట్టి వేరువేరుగా ఫలిస్తుందని అంగుత్తర నికాయంలోనే మరోచోట ఉంది.

మూడు నెలలు ఇంట్లో ఇలా చేసిన తరువాత గట్టి శిక్షణ కావాలనిపిస్తే, సత్యనారాయణ గోయెంకా పరంపరలోని 10 రోజుల విపశ్యన శిబిరాలు హైదరాబాద్‌లోనూ నాగార్జునసాగర్‌లోనూ జరుగుతాయి. రుసుము ఉండదు, పాత సాధకుల దానాలతో నడుస్తాయి, మౌనం పాటించాలి. తీవ్రమైన మానసిక సమస్యకు చికిత్స పొందుతున్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా వెళ్లకూడదు, మందులు ఆపకూడదు.

రాహులుడికి చెప్పిన ముందు, మధ్య, తరువాత అనే వరుస సాధనలో తలకిందులుగా వస్తుంది. మొదటి వారాల్లో అంతా అయిపోయాక, రాత్రి పూట మాత్రమే కనబడుతుంది. కొన్నాళ్లకు సగం మాట నోట్లో ఉండగా తెలుస్తుంది, మిగతా సగం అనేస్తాం కూడా. మాట ఇంకా పుట్టకముందే, ఛాతీలో వేడి పుట్టినప్పుడే తెలియడం చివర వస్తుంది. నాకు అది ఇప్పటికీ వారానికి ఒకటి రెండుసార్లే, అదీ ఫోన్ చేతిలో ఉన్నప్పుడే.