పొందిన మేలును తలచుకుని విరాళాలు సేకరించడం, ఇచ్చినవారికి కృతజ్ఞత తెలపడం ఎలా?

సొంత అవసరానికి చేబదులు అడగగలిగినవారు కూడా ఇతరుల కోసం చందా అడగవలసి వచ్చేసరికి నీళ్లు నములుతారు. “ఇంతకీ ఈ పని మీకెందుకు పట్టింది?” అని ఎదుటి మనిషి అడిగితే చెప్పడానికి సొంత సమాధానం సిద్ధంగా లేకపోవడమే ఆ మొహమాటానికి ముఖ్య కారణమని నా అభిప్రాయం. ఆ సమాధానం దొరికితే అడగడం సులువవుతుంది, చివర కృతజ్ఞత చెప్పేటప్పుడు మాటలు వెతుక్కోవలసిన అవసరమూ ఉండదు. ఈ రెంటినీ ఒకే పనిగా భావించి ఎలా నడిపించాలో ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణకు నా సొంత ప్రయత్నాన్నే తీసుకుంటాను, అందులో నేను చేసిన పొరపాట్లతో సహా.

1. కారణాన్ని ముందు మీ కోసం రాసుకోండి

ఎవరినీ అడగకముందే ఒక కాగితం మీద, ఎవరికీ చూపించే ఉద్దేశం లేకుండా, మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. నాకు ఎవరు ఏ మేలు చేశారు? ఆ సమయంలో నేను కళ్లారా చూసిన లోటు ఏమిటి? ఈ పని పూర్తయిన రోజున నాకు ఏమి మిగలాలని కోరుకుంటున్నాను? మూడో ప్రశ్న దగ్గర చాలామంది కలం ఆగిపోతుంది, ఎందుకంటే నిజం రాయవలసి వస్తే ఆ జవాబులో నలుగురిలో పేరు తెచ్చుకోవాలన్న కోరిక, పోయినవారి పట్ల తీరని బాధ, వారికి చేయవలసినంత చేయలేదన్న అపరాధభావం కూడా బయటపడతాయి. వాటిని కొట్టివేయకండి. ఇవ్వడం వల్ల ఇచ్చినవారి మనసుకు కలిగే సంతృప్తి కూడా దానానికి ఒక ప్రేరణేనని ఆర్థికవేత్త జేమ్స్ ఆండ్రియోని 1990లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు. అర్థశాస్త్రంలో దానిని ‘వార్మ్ గ్లో’ అంటారు. పూర్తిగా నిష్కామమైతేనే సేవ అని పట్టుబడితే మనలో చాలామందిమి గడప దాటం. మీ కారణాలలో ఏది బండిని లాగుతున్నదో, ఏది ఊరికే బండెక్కి కూర్చున్నదో మీకు తెలిసి ఉంటే చాలు.

నా సంగతి చెబుతాను. మా నాన్నగారు 19 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆ వార్డులో రోగికి తోడుగా ఉండేవారికి నిటారు వీపున్న ప్లాస్టిక్ కుర్చీలు తప్ప మరేమీ ఉండేవి కావు. రాత్రి ఒంటిగంట దాటాక తల ఎటు వాల్చాలో తెలియక, మంచానికి పక్కనున్న ఇనుప కమ్మీకి నుదురు ఆనించి కునుకు తీసేవాణ్ణి. తెల్లవారేసరికి నుదుటి మీద అడ్డంగా గీత పడి ఉండేది. రెండో వారంలో ఒక రాత్రి, డ్యూటీలో ఉన్న నర్సు ఒకావిడ దుప్పటి మడతపెట్టి ఆ కమ్మీకి చుట్టి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయారు. నాన్నగారు కోలుకుని ఇంటికి వచ్చాక నేను రాసిన మొదటి విజ్ఞప్తిలో ఆ దుప్పటి ప్రస్తావనే లేదు. “సమాజ ఆరోగ్యానికి మన వంతు తోడ్పాటు” వంటి వాక్యాలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. ఎవరైనా రాయగలిగిన మాటలు కనుక అవి ఎవరినీ కదిలించలేదు.

కళ్లారా చూసినదానిని రాస్తే ఒక్క ఉత్తరం ఎంత పని చేయగలదో కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ చూపించాడు. ఎముక క్యాన్సర్ వల్ల 1977లో కుడికాలు కోల్పోయిన అతడు, క్యాన్సర్ పరిశోధనకు నిధుల కోసం దేశం ఒక చివరి నుంచి మరో చివరికి పరుగెత్తడానికి సహాయం కోరుతూ రాసిన ఉత్తరంలో, తాను చికిత్స పొందిన చోట ధైర్యంగా నవ్విన ముఖాలను, నవ్వడం మానేసిన ముఖాలను గుర్తుచేసుకున్నాడు. 1980 ఏప్రిల్ 12న మొదలైన ఆ పరుగు 143 రోజులు, 5,373 కిలోమీటర్లు సాగి, క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోయింది. దేశ జనాభాలో తలకొక డాలరు, అంటే సుమారు 2.4 కోట్ల డాలర్లు అన్న అతని లక్ష్యం మాత్రం 1981 ఫిబ్రవరి నాటికి, అతడు బ్రతికి ఉండగానే నెరవేరింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆత్మీయులను కోల్పోయిన దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు ఈ పనికి దిగితే, ఇవ్వలేనన్న ప్రతి జవాబూ పోయినవారికి జరిగిన అవమానంలా తోస్తుంది. ఎవరైనా కాదన్నా మనసు కష్టపెట్టుకోని స్థితి వచ్చేదాకా ఆగడం మేలు.

2. మీ కారణానికి తగిన అవసరాన్ని అడిగి తెలుసుకోండి

మనకు తోచింది వేరు, అక్కడ కావలసింది వేరు. మెత్తటి సోఫాలు ఇద్దామని నేను అనుకున్నాను. వార్డు బాధ్యతలు చూసే సీనియర్ నర్సు మాత్రం బట్టతో చేసినవాటిని క్రిమిసంహారక ద్రావణంతో తుడవడం కుదరదని, వెడల్పు ఎక్కువైతే స్ట్రెచర్ తిరగదని చెప్పి, తుడవడానికి వీలైన రెక్సిన్ కప్పిన, వెనక్కి వాలే సన్నని కుర్చీలు 12 ఉంటే చాలన్నారు. ఆ పది నిమిషాల మాట మా డబ్బు వృథా కాకుండా కాపాడింది.

3. ఎవరి కథ చెబుతున్నారో చూసుకోండి

లక్షల మంది కష్టం చెబితే కదలని మనసు ఒక్క మనిషి కష్టం చెబితే కదులుతుంది. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, ఆకలితో ఉన్న ఒక్క బాలిక గురించి చదివినవారు, లక్షలాది మంది ఆకలి గణాంకాలు చదివినవారికన్నా రెట్టింపుకు పైగా ఇచ్చారు. బాలిక కథ పక్కనే గణాంకాలను కూడా చేర్చినప్పుడు విరాళాలు బాగా తగ్గిపోవడం అందులో మరింత ఆలోచింపజేసే విషయం. కనుక విజ్ఞప్తిని అంకెలతో నింపకండి. అంకెలు కావాలన్నవారికి విడిగా ఇవ్వవచ్చు.

అయితే ఈ కిటుకు తెలిసినవారికి బాధ్యత కూడా ఉంటుంది. మనసు కదిలించడానికి పక్క మంచం మీది రోగిని వాడుకోకూడదు. వారి అనుమతి లేకుండా పేరు గానీ, ఫొటో గానీ, జబ్బు గానీ బయటపెట్టడం తప్పు. మందుల మత్తులోనో, సహాయం అందదేమోనన్న భయంలోనో ఇచ్చిన అనుమతిని అనుమతిగా లెక్కించకూడదు. మీ కథ ఎలాగూ మీదే కనుక దానినే చెప్పండి. మీ కథలో మీ ఇంటివారు ఉంటే వారినీ అడగండి. నాన్నగారు తన జబ్బు పేరు రాయవద్దన్నారు. రాయలేదు, దానివల్ల విజ్ఞప్తికి వచ్చిన లోటేమీ లేదు.

4. ఒక్కొక్కరినీ విడిగా, తప్పుకునే వీలిచ్చి అడగండి

నా మొదటి సందేశాన్ని తెలిసినవారందరికీ ఒకేసారి పంపాను. అందరినీ అడిగితే ఎవరినీ అడగనట్టేనని వారం తిరిగేలోగా అర్థమైంది. తర్వాత దుప్పటి సంగతి చేర్చి తిరగరాసి, పేరుపేరునా పంపిన సందేశం ఇలా ఉంది:

“అక్కా, నాన్నగారి దగ్గర 19 రాత్రులు కుర్చీలో కూర్చుని గడిపాను. ఒక నర్సుగారు ఇనుప కమ్మీకి దుప్పటి చుట్టి ఇచ్చిన రాత్రి తప్ప సరిగా కన్ను మూయలేదు. అదే వార్డుకు వెనక్కి వాలే కుర్చీలు 12 కొనిద్దామనుకుంటున్నాను. మీకు వీలైతే నెలాఖరులోగా ఎంతో కొంత పంపండి. ఇప్పుడు కుదరకపోతే ఈ సందేశానికి జవాబివ్వనవసరం లేదు, నేను మళ్లీ అడగను.”

కారణం, అవసరం, గడువు, తప్పుకునే దారి అన్నీ అందులోనే ఉన్నాయి. చివరి వాక్యం రాయడానికి నా చెయ్యి వెనుకాడింది గానీ, ఆ మాట మీద నిలబడటం వల్లే తర్వాత ఎవరి ఎదుటా తల దించుకోవలసిన పరిస్థితి రాలేదు. మీ దగ్గర పనిచేసేవారిని, మీ దగ్గర చదువుకునేవారిని, మీకు బాకీ ఉన్నవారిని అడగకండి, వారికి కాదనే స్వేచ్ఛ ఉండదు.

లక్ష్యం చిన్నదిగా ఉండటం లోపమేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన బ్రిటిష్ మాజీ సైనికుడు టామ్ మూర్, తనకు వైద్యం చేసిన ఆరోగ్య సేవల సిబ్బంది మీద కృతజ్ఞతతో, 2020లో తన నూరవ పుట్టినరోజులోగా నడక చట్రం పట్టుకుని తోటలో 100 సార్లు అటూ ఇటూ నడవాలని సంకల్పించినప్పుడు పెట్టుకున్న లక్ష్యం 1,000 పౌండ్లు. చివరికి 3.2 కోట్ల పౌండ్లకు పైగా సమకూరింది. అందరికీ అలా జరగదు. అయితే అందుకోగలిగిన లక్ష్యం చూపితే, ఉడతాభక్తిగా ఇచ్చేవారికి తమ వంతు నిజంగా లెక్కలోకి వస్తుందన్న నమ్మకం కలుగుతుంది.

5. లెక్కను మొదటి రోజే తెరవండి

దీని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మీ సొంత డబ్బుతో కలవని ఖాతాలో గానీ, నేరుగా నమోదైన సంస్థ ఖాతాలో గానీ విరాళాలు జమ కావాలి. ప్రతి మొత్తానికీ రసీదు ఉండాలి. మీతో పాటు మరొకరు లెక్క చూడాలి. డబ్బు మిగిలితే ఏమి చేస్తారో, చాలకపోతే ఏమి చేస్తారో అడిగేటప్పుడే చెప్పాలి, వసూలయ్యాక చెబితే అది సంజాయిషీలా వినిపిస్తుంది.

6. కృతజ్ఞతను కృతజ్ఞతగానే చెప్పండి

డబ్బు అందిన రెండు రోజుల లోపు, మీ మాటల్లో, వారి పేరుతో మొదలుపెట్టి రాయండి. ఏమని రాయాలో తోచక, బాగా కుదిరినప్పుడు రాద్దామని వాయిదా వేసేవారే ఎక్కువ. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కృతజ్ఞతా లేఖ రాసేవారు అందుకునేవారికి ఇబ్బందిగా ఉంటుందేమోనని అతిగా భయపడతారు, వారికి కలిగే ఆశ్చర్యాన్నీ ఆనందాన్నీ తక్కువగా అంచనా వేస్తారు. మన దృష్టి మాటల పొందిక మీద ఉంటే, చదివేవారి దృష్టి మన ఆప్యాయత మీద ఉంటుంది. కనుక కుదరని వాక్యమైనా సరే, పంపేయండి.

“మీ అమూల్యమైన సహకారానికి ధన్యవాదాలు” అన్న మాటలో తప్పేమీ లేదు, కానీ అది ఎవరికి పంపినా సరిపోతుంది. దాని స్థానంలో, “మీరు పంపిన మొత్తంతో ఏడో కుర్చీ పూర్తయింది. మొన్న రాత్రి ఒక పెద్దావిడ అందులో చెప్పులు విప్పుకుని, కాళ్లు పైకి పెట్టుకుని నిద్రపోయారట” అని రాస్తే, ఇచ్చినవారికి తమ డబ్బు కళ్లముందు కనిపిస్తుంది.

చిన్న మొత్తానికి చిన్న కృతజ్ఞత అన్న లెక్క పెట్టుకోకండి. న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమకు (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీకి) పీఠం కట్టడానికి డబ్బు చాలనప్పుడు, 1885లో జోసెఫ్ పులిట్జర్ తన పత్రిక ద్వారా విరాళాలు కోరి, ఎంత తక్కువ ఇచ్చినా సరే ప్రతి దాత పేరూ అచ్చువేస్తానన్నారు. లక్ష మందికి పైగా స్పందించగా లక్ష డాలర్లకు పైగా పోగైంది. ఇచ్చినవారిలో అత్యధికులు డాలరు లోపు ఇచ్చినవారే. అయితే పేర్లు నలుగురికీ చెప్పేముందు అడగాలి, గుప్తదానం కోరుకునేవారు ఉంటారు. మొత్తాలను బట్టి పేర్లను పైనా కిందా రాయడం కన్నా అక్షర క్రమంలో రాయడం మర్యాద.

డబ్బు ఇవ్వకుండా శ్రమ ఇచ్చినవారిని మరచిపోవడం నేను చేసిన రెండో పొరపాటు. కుర్చీలను మూడో అంతస్తుకు మోసిన ఇద్దరు మిత్రులకు నెల దాటాక గానీ ఉత్తరం రాయలేదు. ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో 2010లో ప్రచురించిన పరిశోధనలో, ఒక విశ్వవిద్యాలయానికి ఫోన్ల ద్వారా విరాళాలు సేకరించే సిబ్బందికి అధికారి స్వయంగా వచ్చి కృతజ్ఞత చెప్పిన తర్వాతి వారంలో వారు చేసిన కాల్స్ సగానికి సగం పెరిగాయి. జీతంలో మార్పేమీ లేదు.

ఇంతకు వ్యతిరేకమైన ఫలితాన్నీ చెప్పాలి. అన్యా సమెక్, చక్ లాంగ్‌ఫీల్డ్ అయిదు లక్షల మందికి పైగా దాతలపై ఆరేళ్ల పాటు జరిపి, 2023లో ప్రచురించిన ప్రయోగంలో, కృతజ్ఞతలు చెబుతూ చేసిన ఫోన్ కాల్స్ వల్ల మరుసటి విరాళాలు ఏమాత్రం పెరగలేదు. నాకైతే ఇది మంచి వార్తలా తోచింది. మళ్లీ ఇస్తారన్న ఆశతో చెప్పే ధన్యవాదానికి ఆ ఫలితం కూడా దక్కనప్పుడు, చెప్పవలసినది నిజంగా ఉంది కనుక చెబుతున్నామన్న ఒక్క కారణమే మిగులుతుంది. అందుకే కృతజ్ఞతా లేఖలో మరో విజ్ఞప్తిని ఎన్నడూ చేర్చకండి.

7. కొన్ని నెలల తర్వాత మరోసారి చెప్పండి

మంచు నీళ్లు నెత్తిన కుమ్మరించుకునే సవాలు 2014లో ప్రపంచమంతా పాకినప్పుడు, ఏఎల్‌ఎస్ అనే నాడీ వ్యాధిపై పనిచేసే అమెరికా సంస్థకు 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ నిధులు తోడ్పడిన పరిశోధనలో ఎన్‌ఈకే1 అనే జన్యువుకు ఆ వ్యాధితో సంబంధం ఉందని తేలినట్లు 2016లో ప్రకటించారు. నీళ్లు పోసుకున్న సంగతి మరచిపోయినవారికి కూడా తమ వంతు ఎక్కడ చేరిందో అప్పుడు తెలిసింది. మీ పని చిన్నదైనా ఆ కబురు పంపండి, చెడ్డ కబురైనా సరే. మేము ఇచ్చిన కుర్చీలలో రెండింటి మీటలు నాలుగు నెలలకే విరిగాయి. ఆ మాట దాతలకు రాస్తే, మరమ్మతు తెలిసినవారు ఒకరు తామే వెళ్లి బాగుచేసి వచ్చారు.

మొదట మేలు చేసినవారిని చివర కలవండి. కుర్చీలు చేరిన వారం తర్వాత ఆ నర్సుగారిని వెతుక్కుంటూ వెళ్లి, కమ్మీకి చుట్టిన దుప్పటి వల్లనే ఇదంతా మొదలైందని చెప్పాను. ఆవిడకు దుప్పటి సంగతి గుర్తు లేదు. కాసేపు నా ముఖం వంక చూసి, నాన్నగారి మంచం నంబరు మాత్రం చెప్పారు.