ఎడిటింగ్ ప్రాజెక్టు పంపితే అవతలివారి దగ్గర ఎందుకు తెరుచుకోదు? సమస్యలు, పరిష్కారాలు

సగం ఎడిట్ చేసిన వీడియోను మరొకరికి అప్పగించినప్పుడు వచ్చే చిక్కుల్లో చాలావరకు సాఫ్ట్‌వేర్ లోపాలు కావు. పంపిన తీరులోనే లోపం ఉంటుంది. ఇక్కడ ముఖ్యంగా అడోబీ ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారిని దృష్టిలో పెట్టుకొని వివరిస్తున్నాను.

ప్రాజెక్టు తెరుచుకుంది, కానీ క్లిప్పులన్నీ "మీడియా ఆఫ్‌లైన్" అంటున్నాయి

ప్రాజెక్టు ఫైలులో వీడియో గానీ ఆడియో గానీ ఉండవు. ఏ క్లిప్పు ఏ డ్రైవులో, ఏ ఫోల్డరులో ఉంది, అందులో ఎక్కడి నుంచి ఎక్కడి వరకు వాడారు అన్న వివరాలే ఉంటాయి. మీ కంప్యూటరులో ఉన్న చిరునామాను అవతలివారి కంప్యూటరులో వెతికితే ఫుటేజీ దొరకదు. అందువల్ల పంపేముందు ఫైల్ మెనూలోని ప్రాజెక్ట్ మేనేజర్‌ను తెరిచి, ఫైళ్లన్నిటినీ కొత్త చోటికి కాపీ చేసే ఎంపికను వాడి, తయారైన ఫోల్డరును మొత్తంగా పంపాలి. డావిన్సీ రిజాల్వ్ అనే మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారైతే మామూలు ఎక్స్‌పోర్టుకు బదులు ఫుటేజీతో కలిపి ఇచ్చే ప్రాజెక్ట్ ఆర్కైవ్‌ను ఎంచుకోవాలి.

ఇప్పటికే ప్రాజెక్టు ఫైలు ఒక్కటే వెళ్లి ఉంటే, ఫుటేజీని విడిగా పంపి, ప్రీమియర్‌లోని లింక్ మీడియా ఎంపిక ద్వారా ఒక క్లిప్పు ఎక్కడుందో చూపిస్తే చాలు. ఫోల్డర్ల అమరిక, ఫైళ్ల పేర్లు మారకుండా ఉంటే మిగతావాటిని ప్రీమియర్ తానే కలుపుకుంటుంది. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపిన క్లిప్పు కుదించుకుపోతుంది కాబట్టి ఆ దారి అసలు వద్దు.

కొన్ని క్లిప్పులు మాత్రమే కనిపించడం లేదు

గూగుల్ డ్రైవ్ నుంచి పెద్ద ఫోల్డరును బ్రౌజరులో దించుకుంటే అది అనేక జిప్ ఫైళ్లుగా విడిపోయి వస్తుంది. వాటిని వేర్వేరు చోట్ల విప్పితే ఒకే ఫోల్డరు ముక్కలవుతుంది. అన్నిటినీ ఒకే చోట విప్పి కలపాలి.

తెలుగు టైటిళ్లు చెదిరిపోయాయి

మనవారికి అన్నిటికంటే బాధ కలిగించే సమస్య ఇదే, ఎందుకంటే ప్రాజెక్ట్ మేనేజర్ ఫాంట్లను వెంట తీసుకువెళ్లదు. అను వంటి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షర సంకేత పద్ధతి) కాని ఫాంట్లతో టైపు చేసిన టైటిల్, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా మారిపోతుంది. మండలి, రామభద్ర వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లను ఇద్దరూ ముందే ఇన్‌స్టాల్ చేసుకోవడం మేలు. ఫాంటు ఉన్నా ఒత్తులు విడివిడిగా పడుతుంటే, ప్రిఫరెన్సెస్‌లోని గ్రాఫిక్స్ విభాగంలో టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా భాషల ఎంపికకు మార్చాలి. టైటిల్‌ను పారదర్శక పీఎన్‌జీ బొమ్మగా మార్చి పంపడం తాత్కాలికంగా గట్టెక్కిస్తుంది గానీ, అవతలివారు అందులో అక్షరదోషం కూడా దిద్దలేరు.

ప్రాజెక్టు అసలు తెరుచుకోవడం లేదు

కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టును పాత వెర్షన్ తెరవలేదు. ఇద్దరూ ఒకే వెర్షన్‌కు రావడమే సరైన మార్గం. అది కుదరకపోతే టైమ్‌లైన్ వివరాలను వేరే వెర్షన్లు కూడా చదవగల ఫైనల్ కట్ ప్రో ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి పంపవచ్చు. కట్‌లు చేరతాయి, ఎఫెక్టులు, టైటిళ్లు చాలావరకు చేరవు.

ఒకరు చేసిన మార్పులు మాయమవుతున్నాయి

ఒకే ప్రాజెక్టు ఫైలును ఇద్దరూ ఒకేసారి తెరిచి సేవ్ చేస్తే, చివర సేవ్ చేసినవారి పనే మిగిలే ప్రమాదం ఉంది. పలువురు ఒకే ప్రాజెక్టుపై కలిసి పనిచేయడానికి ప్రీమియర్‌లో ఉన్న టీమ్ ప్రాజెక్ట్స్ వాడాలి, లేదా సన్నివేశాలను విడదీసి, ఎవరి ప్రాజెక్టు ఫైలు వారికే ఇచ్చి, పూర్తయిన సీక్వెన్సులను (టైమ్‌లైన్‌పై అమర్చిన ఎడిట్‌లను) ఒకరే ప్రధాన ప్రాజెక్టులోకి ఇంపోర్ట్ చేయాలి.